పచ్చిక మీద దుప్పట్లు

ఆ వేసవిలో నేను పీఠభూమి మీద కొత్త రైలు దారి వేస్తున్న శిబిరానికి వెళ్ళింది వ్యాపారం కోసమేనని అందరితోనూ చెప్పాను. అందులో సగం నిజమే. వందలాది మగవాళ్ళు ఉండి, ఒక రోజు ప్రయాణం లోపల మరో కొట్టు లేనిచోట చేతి తొడుగులూ సిగరెట్లూ దగ్గుమందూ అమ్మి నష్టపోవడం చాలా కష్టం. మిగతా సగం నిజం పేరు కాంగ్ షౌలిన్. మా ఆయన.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన పనిచోట్లలోనే ఉన్నాడు. సొరంగాలు, వంతెనలు, మళ్ళీ సొరంగాలు. ఏడాదికోసారి, కొత్త సంవత్సరం వచ్చే వసంత పండుగకి ఇంటికి వచ్చేవాడు. మొదట కొన్నాళ్ళు నిద్రపోయేవాడు, తరవాత చుట్టాల ఇళ్ళకి తిరిగేవాడు, ఆ తరవాత సంచీ సర్దుకునేవాడు. ఆ ఏడాది పండుగకి మా అమ్మాయి రుయ్ నాన్నకి టీ పోసి ఇచ్చి, పొరుగూరి పెద్దమనిషికి ఇచ్చినట్టు పక్కకి తప్పుకుని నిలబడింది. దానికప్పుడు పద్నాలుగేళ్ళు. ఆయన కూడా పొరుగూరి మనిషిలాగే గ్లాసు రెండు చేతులా అందుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఇలాగే ఇంకొన్నాళ్ళు సాగితే ఈ సంసారంలో పెట్టిందంతా మునిగినట్టేనని ఆ క్షణాన లెక్క తేల్చుకున్నాను.

తేల్చుకున్నాక ఊరికే కూర్చోవడం నాకు రాదు. కొండ కింది పట్నం గోల్ముద్ బజారులో స్టేషను దగ్గర రెండు షట్టర్ల దుకాణం ఒకటి ఖాళీ అవబోతోందని తెలిసింది. మేకులు, తాళ్ళు, పరుపులు, దుప్పట్లు అమ్మేందుకు సరైన చోటు. మూటలు దించడానికి మగమనిషి ఉంటే ఒక్క ఏడాదిలో నిలదొక్కుకోవచ్చు. శరదృతువు లోపల మాట చెప్పమన్నాడు యజమాని. నేను రుయ్‌ని చుట్టాల దగ్గర ఉంచి, షినింగ్ నగరంలో వేసవి చవక ధరకి కొత్త దుప్పట్ల మూటలు కట్టించి, లారీలో వేసుకుని, ముందు మా ఆయన ఉన్న శిబిరానికి వెళ్ళాను. కొండ మీద చలి తొందరగా వస్తుంది కాబట్టి కొన్ని అక్కడే అమ్ముడుపోతాయి, మిగిలినవి మొగుడితో సహా గోల్ముద్ దించుకుంటాను. అదీ నా పథకం.

శిబిరం గేటు బయట గుడారం వేసుకున్నాను. అంత ఎత్తున నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, నూడుల్స్ ప్రెషర్ కుక్కర్లో తప్ప ఉడకవు. కింద ఊళ్ళో చదునుగా ఉండే ప్లాస్టిక్ పొట్లాలు అక్కడ పొట్ట ఉబ్బి బంతుల్లా దొర్లేవి. మొదటి వారం తలనొప్పితో కళ్ళు తెరవలేకపోయాను గాని కొట్టు మాత్రం మూయలేదు. పనివాళ్ళందరూ నన్ను వదినా అని పిలిచేవాళ్ళు. షౌలిన్ వాళ్ళలో చాలామంది కంటే వయసులో పెద్ద.

ఆయన ఈసారి సొరంగంలో లేడు. పచ్చిక దళంలో ఉన్నాడు. రైలు కట్ట వెయ్యాల్సిన చోట ముందుగా పచ్చికని చదరపు పలకలుగా కోస్తారు, జానెడు మందాన వేళ్ళూ మట్టీ కలిపి. వాటిని పక్కన తక్కువ ఎత్తు వరసలుగా పేర్చి, నీళ్ళు పోస్తూ బతికించి, కట్ట పూర్తయ్యాక దాని వాలు మీద మళ్ళీ పరుస్తారు. ఆ ఎత్తున ఒకసారి పోయిన గడ్డి మనిషి జీవితకాలంలో తిరిగి రాదట.

సిచువాన్ నుంచి వచ్చిన తాంగ్ అనేవాడికి ఇది రోజూ నవ్వులాటే. వాడు వాళ్ళింట్లో నాలుగోవాడు, అందరూ నాలుగో తాంగ్ అనేవాళ్ళు. మా ఊళ్ళో గడ్డి పీకి పారేస్తే కూలీ ఇస్తారు వదినా, ఇక్కడ పీకి, పేర్చి, నీళ్ళు తాగించి, మళ్ళీ అతికిస్తే ఇస్తున్నారు, ఇంటికెళ్ళి చెబితే నేను తాగి వాగుతున్నాననుకుంటారు అనేవాడు.

పగలు నీళ్ళు పోయడం పనిలో భాగం. సాయంత్రం, గంట కొట్టాక, ఎవరూ బాల్చీ పట్టుకోనక్కర్లేదు. అయినా కొందరు పట్టుకునేవాళ్ళు. నేను గుడారం ముందు కూర్చుని, ఎవరు ఎందుకు పట్టుకుంటున్నారో చూస్తుండేదాన్ని. అది నా వృత్తి. ఏ మనిషి ఏ పనిని దేనికోసం చేస్తాడో పట్టుకోలేకపోతే వాడికి నేను ఏమీ అమ్మలేను.

మేస్త్రి పాంగ్‌కి ఎర్ర జెండా కావాలి. నెలనెలా మెరుగైన దళానికి ఇచ్చే జెండా అది, ఆయన గది గోడకి మేకు ముందే కొట్టి ఉంచాడు. నాలుగో తాంగ్‌కి పక్క శిబిరంలోని రెండో దళమంటే గిట్టదు, వాళ్ళ పచ్చిక తమ పచ్చిక కంటే పచ్చగా ఉందని ఎవరైనా అంటే అన్నం మానేసి బాల్చీ ఎత్తేవాడు. దళంలో పెద్దాయన ముసలి వెయి మొదటి పలక కోసే ముందు నేలదేవుడికి అగరొత్తులు వెలిగించి, నీ చర్మం నీకు తిరిగి కప్పుతానని మొక్కుకున్నాడు, ఆ మొక్కు ఆయన మెడ మీద ఉంది. మరో ఇద్దరు కుర్రాళ్ళు యాంగ్‌త్సో అనే ఆవిడకి భయపడేవాళ్ళు. ఆ మేత భూమి యాంగ్‌త్సో వాళ్ళది. పొద్దున్నే నాకు పెరుగు అమ్మడానికి వచ్చి, తిరిగి వెళుతూ వరసల పక్క ఆగి, ఎండిన పలక కనిపిస్తే దాన్ని చూసి, తరవాత అక్కడున్న మనిషిని చూసేది. ఒక్క మాట అనేది కాదు. అనకపోవడం వల్లే వాళ్ళు తట్టుకోలేకపోయేవాళ్ళు.

అందరి సంగతీ నాకు అందింది, మా ఆయనది తప్ప. జెండా అంటే ఆయనకి లెక్కలేదు. పోటీ ఆయన రక్తంలో లేదు. దేవుడికి మొక్కడు. అయినా అందరికంటే ముందు వెళ్ళేవాడు, అందరికంటే వెనక వచ్చేవాడు. మట్టి పిడికిట్లో నలిపి తడి చూసుకుంటూ, వరస చివర ఒరిగిన పలకని సరిచేస్తూ, చీకటి పడేదాకా అక్కడే. నేను అన్నేళ్ళ తరవాత మొగుడి పక్కకి వచ్చి, కొట్టు ముందు కూర్చుని, ఆయన గడ్డికి సేవ చెయ్యడం చూస్తున్నాను. ఆడమనిషి దగ్గరికి వెళుతున్నాడంటే కనీసం పోట్లాడి ఉండేదాన్ని.

శిబిరంలో ఆలుమగల గుడారం అని ఒకటి ఉండేది. భార్యలు చూడటానికి వస్తే వంతులవారీగా ఇచ్చేవాళ్ళు. మా వంతు వచ్చిన రోజు నాలుగో తాంగ్ కొట్టు ముందు నిలబడి, అన్నయ్య పచ్చికని కూడా లోపలికి తెస్తాడేమో వదినా, మంచం మీద చోటు చూసుకో అన్నాడు. నేను వాడికి ఆ రోజు పాత రొట్టె అమ్మాను.

సాయంత్రం వడగళ్ళు పడ్డాయి. గుడారం గుడ్డ మీద రాళ్ళు కుమ్మరించినట్టు చప్పుడు. బయటికి వెళ్ళే వీల్లేక ఆయన మంచం అంచున కూర్చున్నాడు. నేను సమయం చూసి దుకాణం సంగతి మొదలుపెట్టాను. షట్టర్లు, స్టేషను, బజారు, రుయ్‌ని అక్కడి బడిలో వేయడం, అన్నీ వరసగా చెప్పాను. ఆయన వింటూ మోకాళ్ళ మీది ఎండిన మట్టి గోళ్ళతో గీకుతున్నాడు.

"చలికాలం కాపలాకి నలుగుర్ని ఉంచుతారట, రుయ్ అమ్మా," అన్నాడు చివరికి. "పరిచాక పచ్చిక వేరు పట్టుకుంటేనే. నా పేరు ఇచ్చాను."

"వేరు పట్టకపోతే?"

"పట్టకపోతే నాకిక్కడేం పని? నీతో వచ్చేస్తాను. మూటలు దించుతాను."

కోపంతో అనలేదు, బెదిరించలేదు. ఇటు ఇదైతే అది, అటు అదైతే ఇది. నాతో బేరం ఆడేవాళ్ళలో అంత సూటిగా మాట్లాడినవాళ్ళు తక్కువ. నేను మంచం మీద చతికిలబడి, ఆ గడ్డిలో ఏముందో నాకు అర్థమయ్యేలా ఒక్కసారి చెప్పమన్నాను.

వడగళ్ళ చప్పుడులోనే ఆయన మాట్లాడాడు. అంత మాట్లాడటం నేను పెళ్ళయ్యాక వినలేదు. ఇన్నేళ్ళలో ఎన్ని సొరంగాలు తొలిచాడో, ఎన్ని వంతెనలకి ఇనుము కట్టాడో చెప్పాడు. ఒక్కదాని మీద బండి పోవడం చూడలేదట. పని అవగానే సంచీ సర్దుకుని ఇంకోచోటికి. తను కట్టింది నిలిచిందో కూలిందో ఎవరూ వచ్చి చెప్పరు. ఎప్పుడైనా రైలెక్కి సొరంగంలోకి వెళితే, ఇది నాదేనేమో అనుకుంటాడట, బయట చీకటి, ఏమీ కనిపించదు, ఈలోగా అయిపోతుంది.

"ఇది మాత్రం ఉన్నచోటే ఉంటుంది," అన్నాడు. "బతికిందో చచ్చిందో దాని మొహం చూస్తే తెలిసిపోతుంది. ఈ ఒక్కదాన్నీ వదిలేసి పోకుండా చివరిదాకా చూడాలని ఉంది."

పైకి చెప్పనిది నేను నింపుకున్నాను. కూతురి చేతి టీ గ్లాసు రెండు చేతులా అందుకున్న మనిషికి వదిలేసి పోవడమంటే ఏమిటో తెలుసు. ఆయన గొంతు నా చెవిలో ఉన్నంతసేపూ వడగళ్ళు ఆగకూడదని కోరుకున్నాను. ఆగాయి. ఆగగానే లేచి, వరసలు దెబ్బతిన్నాయేమో చూసొస్తానని వెళ్ళాడు.

ఆగస్టు చివర కట్ట పూర్తయింది. పలకలు వాలు మీద పరిచారు, ఒకదానికొకటి ఆనించి, సందుల్లో మట్టి కూరి. దూరం నుంచి చూస్తే చిరుగుకి మాసిక వేసినట్టు ఉంది. రోజూ నీళ్ళు. కొత్తగా పరిచిన పచ్చిక వేరు పట్టకముందే గట్టిగా గడ్డకడితే లోపలి తడి ఉబ్బి పలకలు లేచిపోతాయని, గాలికి ఎండి రాలిపోతాయని అందరికీ తెలుసు. అందుకే కప్పడానికి మందపాటి గుడ్డలు గోల్ముద్ నుంచి రావాల్సి ఉంది. అవి ఆలస్యమవుతుంటే మా ఆయన తనే లారీతో వెళ్ళాడు.

ఆయన తిరిగి రావాల్సిన రోజు మధ్యాహ్నం మేస్త్రి పాంగ్ సిగరెట్ల కోసం కొట్టుకి వచ్చాడు. కింది ఠాణా నుంచి రేడియోలో కబురొచ్చిందన్నాడు. నది దగ్గర పెద్ద లారీ దారికి అడ్డంగా పడింది, మన లారీ దాని వెనక ఇరుక్కుంది, రేపటిదాకా కదలదు. ఈలోగా పొద్దుగూకాక గట్టి చలి దిగుతుందట. మామూలుగా ఇంకా కొన్ని వారాల తరవాత రావాల్సిన చలి.

"మరి పచ్చిక సంగతేమిటండీ?" అన్నాను.

ఆయన సిగరెట్ వెలిగించుకుని వాలు వైపు చూశాడు. పోతే పోతుంది, ఏం చేస్తాం, ఆకాశం చేసినదానికి నా మీద ఎవరూ తప్పు రాయలేరు కదా అన్నాడు. ఆ మాట తనకి తనే చెప్పుకుని కాస్త తేలికపడ్డట్టు వెళ్ళిపోయాడు.

నేను టీకి నీళ్ళు పెట్టి కూర్చున్నాను. నాకు లెక్క వెయ్యక్కర్లేదు, అదే తేలిపోయింది. తెల్లారేసరికి పచ్చిక పోతుంది. తప్పు ఎవరిదీ కాదు. ఆయన నాతో వస్తాడు, మాట ఇచ్చాడు. దుప్పట్ల మూటలు విప్పకుండా అలాగే ఉన్నాయి, మొగుడితో పాటు గోల్ముద్‌లో దిగుతాయి. ఇంత చవక బేరం నా జన్మలో తగల్లేదు. నేను చెయ్యాల్సిందల్లా పొయ్యి ముందు కూర్చోవడమే.

కూర్చుని మనసులో ఆ దుకాణం చూశాను. ఆయన షట్టరు ఎత్తుతున్నాడు. మూటలు దించుతున్నాడు. మేకులు తూస్తున్నాడు. అన్నం తిని, గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. మంచి పనివాడు, మారుమాట్లాడడు. ఆ మనిషిని నేను బాగా ఎరుగుదును. ప్రతి వసంత పండుగకీ మా ఇంటికి వచ్చే మనిషే. వాణ్ణి తెచ్చుకోవడానికి ఇంత ఎత్తుకి రానక్కర్లేదు. గుడారంలో వడగళ్ళ మధ్య మాట్లాడినవాడు వేరే. ఆ మనిషి తెల్లారేసరికి ఉండడు.

టీ పొంగి పొయ్యిలో పడింది. దాన్ని తుడవకుండా లేచాను.

ముందు నాలుగో తాంగ్ గుడారానికి వెళ్ళాను. వాడు పేకాడుతున్నాడు. రెండో దళం వాళ్ళు తమ కోట్లూ పక్కబట్టలూ తీసుకెళ్ళి వాలు మీద కప్పేస్తున్నారట, పెరుగు అమ్మే యాంగ్‌త్సో చూసొచ్చి చెప్పిందని మామూలుగా అన్నాను. యాంగ్‌త్సో ఏమీ చెప్పలేదు, రెండో దళం ఏం చేస్తోందో నాకు తెలియదు. తాంగ్ పేక ముక్కలు కింద పడేసి, మనవాళ్ళ కోట్లు వాళ్ళ కోట్ల కంటే చిన్నవా అని లేచాడు. వాడి వెనకే గుడారమంతా లేచింది.

ముసలి వెయి దగ్గర అబద్ధం అక్కర్లేదు. చలి వస్తోంది, మీ మొక్కు సంగతి గుర్తుచేద్దామని వచ్చానన్నాను. ఆయన తలుపు దగ్గరున్న తన తోలు కోటు తీసుకుని నాకంటే ముందు నడిచాడు. కుర్రాళ్ళిద్దరికీ, రేపు పొద్దున్న యాంగ్‌త్సో పెరుగు తెచ్చే వేళకి ఈ వాలు పక్కన మీరే నిలబడి ఉండాలి కదరా అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పక్కలు చుట్టడం మొదలుపెట్టారు. పాంగ్ మేస్త్రికి మాత్రం కొంచెం ఖరీదైన సరుకు చూపించాల్సి వచ్చింది. ఆకాశం చేసినదానికి మీమీద ఎవరూ రాయరు, నిజమే, కాని ఆకాశాన్ని ఆపినవాడి గురించి రాస్తారు, పైవాళ్ళు ఫోటో కూడా తీస్తారు అన్నాను. ఆయన టోపీ పెట్టుకుని బయటికొచ్చి, ఆ ఆలోచన పుట్టినప్పటినుంచీ తనదే అయినట్టు కేకలు వేసి అందర్నీ పురమాయించాడు.

పొద్దు వాలేలోగా వాలు సగం నిండింది. ఆకుపచ్చ కోట్లు, పాత దుప్పట్లు, సిమెంటు సంచులు, వంటవాడి గోనెలు. గుడారాల్లో ఉన్న పక్కలన్నీ అయిపోయాయి. ఇంకా సగం వాలు ఖాళీగా ఉంది. అందరూ నడుములు పట్టుకుని నిలబడ్డారు. నాలుగో తాంగ్ నా వైపు తిరిగాడు. వాడు రొప్పుతున్నాడు, ఆ పల్చటి గాలిలో అందరమూ రొప్పుతూనే ఉన్నాం.

"వదినా, అందరి పక్కలూ ఎత్తించావు బాగానే ఉంది. నీ గుడారంలో మూటలకి చలి వెయ్యదా?"

కొందరు నవ్వారు. వాడు వేళాకోళంగానే అన్నాడు, నేను లేదంటే మరో మాట అనేవాడు కాదు. నేను నా కొట్టు వైపు చూశాను. దుకాణం షట్టర్లు, మొదటి చలికాలం అమ్మకం, నిలదొక్కుకోవడం, అంతా ఆ మూటల్లో ఉంది. కత్తి తెమ్మని వాడితోనే చెప్పాను. తాళ్ళు వాడే కోశాడు. ఒక్కో దుప్పటీ విప్పుతుంటే వాడి నవ్వు తగ్గిపోయింది. కొత్త దూది వాసన. ఎర్ర పూలవి, పెళ్ళిళ్ళకి కొనే జంట బాతులవి, మట్టిలోకి పరుస్తుంటే నా చేతులు వెనక్కి లాగాయి, దాచడం ఎందుకు. పరిచాను. గాలికి లేవకుండా అంచుల మీద రాళ్ళు పెట్టాం.

నీకేం పట్టింది, ఎందుకు చేస్తున్నావని మాత్రం ఎవరూ నన్ను అడగలేదు.

తెల్లవారేసరికి నేలంతా తెల్లగా బిగుసుకుపోయింది. బాల్చీల్లో నీళ్ళు రాయి. స్వెట్టర్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని నిద్రలేని మొహాలతో మగవాళ్ళు వాలు కింద కాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్నారు. దారి మీద ఒక మనిషి నడిచి వస్తున్నాడు. మా ఆయన లారీని వదిలేసి, వెలుతురు రాకముందే నడక మొదలుపెట్టాడట.

వాలు కింద ఆగిపోయాడు. ఎర్ర పూలూ జంట బాతులూ ఆకుపచ్చ కోట్లూ, అన్నిటి మీదా మంచు పొడి. చాలాసేపు చూశాడు. ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"ఇవి కొట్లోవి కదా," అన్నాడు.

"అవును."

"ఇంక ఎవరూ కొనరు."

"ఉతికి ఎండేస్తే సగం ధరకి పోతాయి," అన్నాను.

ఆయన తల ఊపాడు. ఎండ కాస్త ఎక్కేదాకా ఆగి, వాలు మీదికి వెళ్ళి మొదటి దుప్పటి ఎత్తి దులిపాడు. కింద పచ్చిక ముదురు పచ్చగా, తడిగా, పడుకున్నచోటే ఉంది. ఆ దుప్పటిని నాలుగు మూలలూ కలిపి మడిచి పక్కన పెట్టాడు. తరవాత రెండోది. ఎవరైనా సాయానికి వస్తే కోట్లు తియ్యమని అటు పంపించాడు, నా దుప్పట్లు ఒక్కటి కూడా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అన్నీ తనే మడిచాడు. మధ్యలో ఒకసారి తల ఎత్తి నేను ఎక్కడున్నానో వెతికి చూశాడు. సాయంత్రాల్లో ఆ వరసల వైపు చూసే చూపు. నా దగ్గర అమ్మకానికి లేని సరుకు అదొక్కటే.

వారం తిరక్కుండా నాలుగో తాంగ్ రెండో దళం వైపు వెళ్ళి చూసొచ్చాడు. వాళ్ళ వాలు బోడిగా, పలకలు లేచి ఉన్నాయి.

"వదినా, నాకు అబద్ధం అమ్మావు."

"నువ్వు కొన్నావుగా, తమ్ముడూ."

వాడు నష్టమేమీ లేదులే అని టీ తాగి వెళ్ళాడు. పోటీలో రెండో దళం ఓడిపోయిందన్న సంతోషం వాడికి చాలాకాలం సరిపోయింది.

చలికాలం కాపలాకి పేర్లు వచ్చాయి. మా ఆయన కొట్టు ముందుకొచ్చి నిలబడి, పేరు వచ్చింది రుయ్ అమ్మా అన్నాడు. రాక ఏం చేస్తుంది అన్నాను. గుడారం కొయ్యలు పీకడానికి సాయం చేశాడు. నేను లారీ ఎక్కాక కింద నిలబడి, గోల్ముద్‌లో మూటలు దించడానికి ఎవర్నైనా కూలికి పెట్టుకో, నువ్వు ఎత్తకు అన్నాడు. సరేనన్నాను.

దుకాణం తీసుకున్నాను. ఎవర్నీ పెట్టుకోలేదు, నేనే ఎత్తాను. మాసిన దుప్పట్లు ఉతికి, స్టేషను దగ్గర పడుకునేవాళ్ళకి సగం ధరకి అమ్మాను. మొదటి ఏడాది నిలదొక్కుకోలేదు, పడిపోనూ లేదు. వసంత పండుగకి ఆయన రాలేదు. రుయ్ పండుగ భోజనం పళ్ళెంలో కెలుకుతూ, అక్కడ ఆయనకి చలి వేస్తుందా, ఆ గడ్డి బతికే ఉందా అని అడిగింది. నాన్న గురించి అది దానంతట అది అడగడం నేను వినడం అదే మొదటిసారి. నాకు తెలిసినదంతా చెప్పాను, కొంత నాలుగో తాంగ్ మాటల్లో. అది నవ్వింది. ఆ నవ్వు ఆయన వినవలసింది.

చలికాలమంతా సాయంత్రం షట్టరు దించగానే నా ఆలోచన కొండెక్కేది. ఇప్పుడు ఆయన వాలు దగ్గర నిలబడి ఉంటాడు, ఇప్పుడు టీ కాచుకుంటూ ఉంటాడు. ఇంట్లో మనిషి లేకపోవడం నాకు కొత్తకాదు. కాని అంతకు ముందు నేను ఎదురుచూసింది మొగుడి కోసం. ఈసారి ఎదురుచూస్తున్నది కాంగ్ షౌలిన్ అనే ఒక మనిషి కోసం, ఆయన మాట కోసం. దీని బరువు ఎక్కువని తెలిసింది.

జూన్ నెలలో శిబిరానికి బియ్యం మోసుకెళ్ళే లారీలో చోటు దొరికింది. దుకాణం పక్క కొట్టామెకి అప్పగించి ఎక్కాను. లారీ సరుకు దించి వెంటనే తిరిగి బయల్దేరుతుంది, ఆలోపు చూసి రావాలి.

ఆయన చిక్కిపోయాడు. చెంపలు చలికి పగిలి నల్లబడ్డాయి. నన్ను చూసి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. దుకాణం ఎలా ఉందని అడిగాడు, రుయ్ చదువు అడిగాడు. రుయ్ నీ గడ్డి సంగతి అడిగిందన్నాను. ఆయన నడుస్తున్నవాడు ఆగాడు. ఏమని అడిగిందో మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. మళ్ళీ నడవడం మొదలుపెట్టాడు, ఇంకాస్త నెమ్మదిగా.

వాలు దగ్గరికి తీసుకెళ్ళాడు. అంతా బతకలేదు. పై అంచున ఒక పట్టీ గోధుమ రంగుకి మారి రాలిపోయింది. అక్కడ విత్తనం చల్లానని, వచ్చే ఏడాదికి గాని తెలియదని చెప్పాడు. మిగతాది పచ్చబడుతోంది. పలకల మధ్య గీతలు ఎక్కడున్నాయో ఆయన చూపిస్తే తప్ప నాకు కనిపించలేదు.

నాతో వచ్చేస్తావా అని అడగాలని దారంతా అనుకున్నాను. నేను అడగకముందే, అవతలి వాలు ఈ ఏడు వేస్తున్నారు, కొత్తవాళ్ళు వచ్చారు, వాళ్ళకి పలక కొయ్యడం కూడా రాదు అన్నాడు. నాకు సమాధానం దొరికింది.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక పలక అంచు చూపించాడు. "పట్టుకుని లాగు," అన్నాడు.

లాగాను. కదల్లేదు.

"గట్టిగా లాగు. మొహమాటపడకు."

మోకాళ్ళు ఆనించి రెండు చేతులా లాగాను. చేతిలోకి నాలుగు గడ్డి పరకలు వచ్చాయి, పలక రాలేదు. ఆయన నవ్వాడు. నా చెవి పక్కనే నవ్వాడు. కింద లారీవాడు హారన్ కొట్టాడు. చూడకుండానే చెయ్యి ఊపి వాణ్ణి ఆగమని, జరిగి పక్క పలక అంచు పట్టుకున్నాను.